కొండెక్కిన పిండిమిల్లు

గణేశ్వరరావు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డ సంగతి పుష్పవతికి చాలాసేపటిదాకా తెలియలేదు. మిల్లు ఆడుతోంది. బలిఘట్టం నుంచి ఎవరో తెచ్చిన మిరపకాయలు, మంచి ఘాటైన సరుకు. ముక్కుకీ మూతికీ పాతచీర ముక్క కట్టుకుని, గొట్టానికి కట్టిన గుడ్డసంచిని తడుతూ, కారం జారుతున్న తీరు చూసుకుంటోంది. గట్టిగా తుమ్ము వినిపిస్తే తలెత్తింది. బయట ఎండలో జేబురుమాలు అడ్డం పెట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు. కళ్ల నిండా నీళ్లు.

స్విచ్ కట్టేసింది. రాయి తిరగడం నెమ్మదించి ఆగింది.

"లోపలికి రండి బాబూ."

"ఒద్దక్కా, ఇక్కడే నయం." మళ్లీ తుమ్మాడు. "ఒక మాట చెప్పాలి. ఎలగ చెప్పాలో తెలక ఇన్నాళ్లూ ఈ రోడ్డంట రావడం మానేసేను."

ఆ మాటతోనే పుష్పవతికి విషయం అర్థమైపోయింది. నర్సీపట్నం బజారు వీధిలో అటూ ఇటూ అన్నీ మేడలే లేచాయి. మధ్యలో రేకుల షెడ్డు ఇదొక్కటే మిగిలింది. స్థలం గణేశ్వరరావుది. వాళ్ల నాన్నగారి రోజుల్లో అద్దెకు తీసుకున్నది.

"కింద షాపులు, మీద రెండు పోర్షన్లు కడదావనుకుంటన్నాం. నీకో షట్టరు ఇస్తానక్కా, ఆ మాట నాది. నీ ఇష్టం వచ్చింది పెట్టుకో. మిల్లు మాత్రం ఒద్దు. మీద కాపరం ఉండేవోళ్లు ఈ మోతకీ ఈ ఘాటుకీ ఉండలేరు."

పుష్పవతికి కోపం రాలేదు. ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పి, దులిపి, మడత పెట్టింది.

"కారాల రోజులు వెళ్లనీండి బాబూ. ఇప్పుడు ఆపేస్తే ఆడించుకునేవోళ్లు ఇబ్బంది పడతారు."

"మే నెలాఖరుదాకా నీదే."

ఆయన వెళ్లిపోయాక మళ్లీ స్విచ్ వేసింది. మిగిలిన మిరపకాయలు పోసింది. రాయి గరగరమని అందుకుంది. ఆ మోతలో ఏడ్చినా ఎవరికీ వినపడదు గానీ ఆమెకు ఏడుపు రాలేదు. తాతాజీ ఉంటే ఈ మాట ఎలా తీసుకునేవాడా అని ఆలోచించింది, అంతే.

తాతాజీ ఆమె భర్త. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు తిప్పే ఇంట్లో పుట్టాడు. అన్నదమ్ములందరూ బొమ్మల్లోనే ఉంటే, తనొక్కడూ నర్సీపట్నం వచ్చి, పాత మిల్లొకటి కొని బిగించాడు. "చెక్క తిప్పే చెయ్యి రాయి తిప్పలేదేటి?" అనేవాడు. గొలుగొండ మండలంలో చెరకు రైతుల ఇంటి నుంచి కొత్త కోడలుగా వచ్చిన పుష్పవతి మొదట్లో కాటా దగ్గర కూర్చునేది. సంచులు కలిసిపోకుండా చూసేది. మిల్లు వైపు వెళ్లాలంటే భయం. బెల్టు దగ్గరికి చీరకొంగు రానివ్వొద్దని ఆయన రోజుకు ఎన్నిసార్లు అరిచేవాడో.

అప్పట్లో ఆ షెడ్డు ముందు జనం ఎప్పుడూ తగ్గేవారు కాదు. పెళ్లి కుదిరిన ఇంటినుంచి నలుగుపిండికి పెసలు వచ్చేవి. పండగలకు అరిసెల కోసం తడిబియ్యం గంపలు తెల్లవారకముందే వరసలో కూర్చునేవి. పసుపు ఆడే రోజు పుష్పవతి కనుబొమలతో సహా పచ్చబడిపోయేది. అలాగే ఇంటికి నడిచి వెళ్తుంటే వీధిలో పిల్లలు వెనకపడి నవ్వేవాళ్లు. మిరపకాయలు ఆడిన తర్వాత రాతికి గుప్పెడు నూకలు పోసి ఘాటు వదిలించేది. ఆ నూకలపిండి కోసం పక్క టీకొట్టు కోడి ఒకటి గుమ్మంలో కాచుకుని ఉండేది. ఆ కారప్పిండి తిని కూడా అది చాలాకాలం బతికింది.

ఏ ఇంటి కారం ఎలా ఉంటుందో ఆమెకు వాసనే చెప్పేది. ఒకరు మెంతులు బాగా మాడ్చుకొచ్చేవారు, ఇంకొకరు వెల్లుల్లి పొట్టు తీయకుండా కలిపేవారు. ఆ ఇంట్లో పెద్దావిడ మంచాన పడిందంటే ఆ యేడు కారం వాసన మారిపోయేది. పెత్తనం కోడలి చేతికి వచ్చిందని పుష్పవతికి ఊళ్లో అందరికన్నా ముందు తెలిసేది. తెలిసినా ఎవరితోనూ అనేది కాదు.

తాతాజీ పోయిన నాడు మిల్లు నిండా ఊరివాళ్ల సంచులున్నాయి. గుండెనొప్పితో కాటా పక్కనే కూలబడిపోయిన మనిషి మళ్లీ లేవలేదు. పది రోజుల కార్యక్రమం జరిగినన్నాళ్లూ ఆ సంచుల వాళ్లు వచ్చి పలకరించి వెళ్లారే తప్ప, మా మిరపకాయలు అని ఒక్కరూ అడగలేదు. చుట్టాలు మిల్లు అమ్మెయ్యమన్నారు. కూతురు సత్యలక్ష్మి అప్పుడు కాలేజీలో చదువుతోంది. పుష్పవతి సంచులు తిరిగి ఇచ్చేద్దామని తాళం తీసింది. తీసి, వాటిని చూస్తూ నిలబడింది. ఆడించమని ఇచ్చినవి ఆడించకుండా ఎలా ఇవ్వడం?

మిల్లు రాళ్లకు గాట్లు పెట్టే మత్స్యలింగాన్ని పిలిపించింది. తాతాజీకి నమ్మకమైన మేస్త్రీ ఆయన.

"నాకు నేర్పు లింగం బావా. ఈ సంచులవరకూ ఆడి ఇచ్చేస్తాను."

ఆ సంచులు అయ్యేసరికి ఇంకో నాలుగు వచ్చాయి. అలా పదిహేనేళ్లు గడిచిపోయాయి. సత్యలక్ష్మి చదువు, పెళ్లి, ఇంటి మీద స్లాబు, అన్నీ ఆ రాతి మధ్య నుంచే వచ్చాయి.

ఈమధ్య జనం పలచబడ్డారు. కారం ప్యాకెట్లలో వస్తోంది, పసుపు ప్యాకెట్లలో వస్తోంది, గోధుమపిండి సరేసరి. పొద్దుటిపూట రెండు మూడు సంచులు వస్తే ఎక్కువ. కొండమీది ఊళ్ల ఆడవాళ్లు మాత్రం మానలేదు. సంతకు అడ్డాకులు, చీపుళ్లు, చింతపండు తెచ్చి అమ్ముకుని, వెళ్తూ వెళ్తూ చోళ్లు పిండి చేయించుకుని జీపెక్కేవాళ్లు. రాగుల్ని ఆ వైపు చోళ్లంటారు. వాళ్లలో జోగులమ్మ అందరికన్నా పాత మనిషి. చంటిపిల్లాణ్ని వీపున కట్టుకుని మొదటిసారి వచ్చినప్పుడు పుష్పవతికీ ఆమెకూ ఒకటే వయసు. పిల్లాణ్ని గోనెసంచుల మీద పడుకోబెట్టేది. అంత మోతలోనూ వాడు హాయిగా నిద్రపోయేవాడు. మిల్లు ఆపితే లేచి ఏడ్చేవాడు. వాడికిప్పుడు పెళ్లయి పిల్లలున్నారు.

మే నెల వచ్చింది. మిల్లు తీసేస్తున్నారని తెలిసి, ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. ఇన్నేళ్లూ ప్యాకెట్లు కొంటున్న ఒక పంతులమ్మ కేవలం ఆడించడానికే రెండు కిలోల మిరపకాయలు కొని తెచ్చింది. పుష్పవతికి నవ్వొచ్చింది, బాధా వేసింది. వీళ్లంతా ఏడాదికోసారైనా వచ్చి ఉంటే బాగుండేది కదా అనుకుంది. పైకి మాత్రం, "మెత్తగానా, కాస్త బరకగానా అమ్మా?" అని అడిగింది.

నెలాఖరున పాత ఇనుం కొనేవాడు వచ్చాడు. మిల్లు చుట్టూ తిరిగి, కాలితో తన్ని చూశాడు. ఆ తన్నడం పుష్పవతికి నచ్చలేదు. అయినా ఊరుకుంది. రాళ్లు తనకు అక్కర్లేదని, ఇనుమొక్కటే పట్టుకెళ్తానని అతను చెబుతుండగా, చోళ్ల సంచి నెత్తిన పెట్టుకుని జోగులమ్మ వచ్చింది. వెనకాల కోడలు మణి.

"ఓలమ్మా! ఏటమ్మా ఇది? మిల్లు ఇనప్పోడికి ఇచ్చెత్తన్నావా?"

"ఏటి సెయ్యను జోగులమ్మా, పెట్టుకోడానికి సోటు లేదు."

"సోటు లేకపోతే మాకియ్యి. మాకు సోటుకేటి తక్కువ?"

నవ్వులాటకు అన్నదని పుష్పవతి నవ్వింది. జోగులమ్మ నవ్వలేదు. సంచి దించి, మిల్లు మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"నిజంగానే అంతన్నాను. మా ఊళ్లో మిల్లు లేదు. నువ్వు మానేత్తే మేం పిండికి ఎక్కడికెల్తాం? ఆడోళ్లందరం సంఘంలో ఉన్నాం. ఈ బాబు ఎంతిత్తానన్నాడో మేమూ అంతే ఇత్తాం. నడపడం మా మణికి నేర్పు. గుంటకి సేతిపని బేగి వొత్తాది."

మణి తలవంచుకుని ఉంది గానీ కళ్లు మాత్రం బెల్టు మీదే ఉన్నాయి. పుష్పవతి ఆ చూపు చూసింది. పాత ఇనుం అతనితో, "ఏవీ అనుకోకు నాయనా, ఇవ్వడం లేదు," అంది.

సత్యలక్ష్మికి ఈ సంగతి చెబితే ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి ఊళ్లోనే మెడికల్ షాపు నడుపుతోంది.

"కొండమీద ఎవరు బాగుచేస్తారమ్మా? పాడైతే నీ మీదికే వొస్తారు. పైగా నువ్వెళ్లి బిగించి రావాలా? నీ మోకాళ్లతోటి?"

"మీ నాన్న బిగించింది. ఇంకొకళ్లు బిగిస్తే నాకు నిద్దర పట్టదు."

"నువ్వు ఆ కొండ ఎప్పుడైనా ఎక్కేవా?"

పుష్పవతి ముప్పై ఏళ్లకు పైగా కొండవాళ్ల చోళ్లు ఆడింది. వాళ్ల పెళ్లిళ్లు, పురుళ్లు, చావులు అన్నీ వింది. మిల్లు వదిలి ఒక్కసారి కూడా ఆ ఘాటు రోడ్డు ఎక్కలేదు.

జూన్ మొదటివారంలో చిన్న లగేజి వ్యాను మాట్లాడుకున్నారు. మత్స్యలింగం ముసలివాడయ్యాడు, అయినా తనే విప్పుతానన్నాడు. రాళ్లను పసిపిల్లల్లా గోనెగుడ్డల్లో చుట్టాడు. మిల్లు లేచిన చోట నేల నల్లగా, నూనె ఇంకి, చతురస్రంగా కనిపించింది. పుష్పవతి అటు చూడకుండా వ్యాను ముందుసీట్లో ఎక్కి కూర్చుంది.

ఘాటు రోడ్డు మీద మంచి గాలి. మలుపు మలుపుకీ చలి ఎక్కువవుతోంది. "కింద ఉడికిపోతన్నాం. ఇక్కడ సలెట్టేస్తంది సూడు," అని మత్స్యలింగం తువ్వాలు చెవులకు చుట్టుకున్నాడు. పెద్ద రోడ్డు దిగి లోపలికి తిరిగాక వాన పట్టుకుంది. జోగులమ్మ వాళ్ల ఊరికి ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు మీద గెడ్డవాగు పొంగింది. కల్వర్టు అంచు కోసుకుపోయి ఉంది. బరువుతో దాటనని డ్రైవరు ఆపేశాడు.

పుష్పవతి దిగి నీళ్లవైపు చూస్తూ నిలబడింది. సత్యలక్ష్మి మాటలే నిజమయ్యేలా ఉన్నాయి. అంతలో అవతలి గట్టున మనుషులు కనిపించారు. ఒకరిద్దరు కాదు, ఊరే వచ్చినట్టుంది. వాన చూసి, బండి దాటదని వాళ్లే అనుకుని వచ్చారట. లావుపాటి వెదురు బొంగులు, మోకులు తెచ్చారు. రాయికి నలుగురు, మిల్లుకి ఎనమండుగురు. బొంగులు భుజాలకెత్తుకుని, మోకాలిలోతు నీళ్లలో అడుగు తడుముకుంటూ దాటారు. ఎవరో ముందు ఒక పదం అంటే వెనకవాళ్లు అందుకుంటున్నారు. పుష్పవతిని ఒకవైపు జోగులమ్మ, ఒకవైపు మణి పట్టుకున్నారు.

"పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెత్తన్నాం సూడమ్మా," అంది జోగులమ్మ.

"నన్నా, మిల్లునా?"

"ఇద్దర్నీని."

ఊళ్లో పెంకుల పాక ఒకటి శుభ్రం చేసి, నేల గట్టిగా కొట్టి ఉంచారు. మర్నాడు పొద్దున్నే మత్స్యలింగం స్తంభం దగ్గరికి వెళ్లి, వైర్లవైపు చూసి, నోట్లో బీడీ తీసేశాడు.

"పుష్పమ్మా, ఇటు రా. ఇది సింగిల్ ఫేజు. మన మోటారుకి మూడు ఫేజులుండాలి, దీంతో తిరగదు."

పుష్పవతి బయల్దేరేముందు కరెంటుందా అని అడిగింది గానీ ఏ కరెంటని అడగాలని తోచలేదు. కరెంటుందంటే ఉందన్నారు వాళ్లు. అంత బరువు గెడ్డ దాటించి మోసుకొచ్చినవాళ్ల ముఖాలు చూడలేక పాక లోపల కూర్చుంది.

"నన్ను తిట్టు జోగులమ్మా. మీకు ఇనుం అంటగట్టేసినట్టే అయిపోయింది."

"ఊరుకోమ్మా. మిల్లు వొచ్చింది. తిరగడానికేటో ఒకటి దొరుకుతాది."

దొరికింది కూడా. గెడ్డనుంచి మడులకు నీళ్లు తోడడానికి ఎప్పుడో తెచ్చిన ఆయిలింజను ఒకటి ఊరి చివర తాటాకుల కింద పడి ఉందని మణి గుర్తుచేసింది. తుప్పు పట్టిపోయింది. లోపల ఎలకలు కాపరం పెట్టాయి. మత్స్యలింగం దాన్ని విప్పి, కడిగి, ఆ పూటా మర్నాడూ దానితోనే కుస్తీ పట్టాడు. ఒక సామాను కోసం మణి భర్త చింతపల్లి దాకా వెళ్లొచ్చాడు. మూడోనాటి మధ్యాహ్నం హ్యాండిల్ పట్టుకుని ఇద్దరు తిప్పారు. ఇంజను దగ్గింది. ఆగింది. మళ్లీ తిప్పారు. నల్లటి పొగ ఒకటి వదిలి, గొట్టంలోంచి కుక్, కుక్, కుక్ మని అందుకుంది.

పిల్లలు కేకలేశారు. పుష్పవతి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో. పెళ్లయిన కొత్తలో నర్సీపట్నంలో కరెంటు సగంరోజు ఉండేది కాదు. తాతాజీ మిల్లు ఇంజను మీదే ఆడేది. వెనక వీధిలో ఒంటిగది ఇంట్లో ఆమె వంట చేస్తుంటే ఆ కుక్కు కుక్కు వినపడుతూ ఉండేది. అది ఆగిందంటే ఆయన భోజనానికి బయల్దేరినట్టే. గబగబా కంచం కడిగి, పీట వాల్చి, ముఖం తుడుచుకునేది. ఆయన వచ్చేసరికి పిండితో వెంట్రుకలన్నీ తెల్లబడి ఉండేవి. "ముసిలోడైపోయావు" అని ఆమె నవ్వేది. నిజంగా ముసలివాడు అయ్యే వయసు రాకుండానే ఆయన వెళ్లిపోయాడు.

కొంగుతో కళ్లు ఒత్తుకుంది. జోగులమ్మ అది చూసి, చోళ్ల సంచి మూతి విప్పింది.

"మణీ, చోళ్లు పొయ్యి," అంది పుష్పవతి. "ఒకేసారి కుమ్మరించకు. రాయి ఎంత తింటే అంతే పెట్టాలి."

మొదటి పిండి బరకగా వచ్చింది. పుష్పవతి చిటికెడు తీసి బొటనవేలి మీద రాసి చూపించింది. మణి చేత కూడా రాయించింది. రాళ్లను దగ్గరచేసే చక్రం ఒక పిసరు బిగించమంది. రెండోసారి మెత్తగా వచ్చింది గానీ వేడెక్కి, మాడిన వాసన వేసింది. మళ్లీ కాస్త వదులు చేయించింది. ఈసారి తను చెయ్యి పెట్టలేదు. మణి పిండి తీసింది, వేళ్ల మధ్య నలిపింది, చక్రం తనే తిప్పింది. కొంగు నడుముకు గట్టిగా దోపుకోమని మాత్రం పుష్పవతి అరిచింది. అరిచాక, ఆ గొంతు తనది కాదనిపించింది.

ఆ సాయంత్రం ఊరంతా ఆ పిండితోనే అంబలి కాచుకుంది. ముంతలో పోసి, ఉల్లిపాయ కొరుక్కోమని ఇచ్చారు. ఇన్నేళ్లు ఆడిన చోడిపిండి వాళ్లింట్లో ఎలా ఉంటుందో పుష్పవతి ఆ రోజే రుచి చూసింది. పుల్లగా, చల్లగా, కడుపులోకి హాయిగా దిగింది. రెండోసారి అడిగి పోయించుకుంది.

వారం రోజులుండి దిగొచ్చేసరికి షెడ్డు లేదు. ఆమె కళ్లముందు పడగొట్టొద్దని గణేశ్వరరావు ఆ వారంలోనే పని కానిచ్చాడు. పక్క దుకాణం గోడ మాత్రం ఇప్పుడు రోడ్డుకు కనిపిస్తోంది. ఇన్నేళ్ల కారం, పసుపు పట్టి ఎర్రగా, పచ్చగా పైదాకా మరకలు. వానకు అవి కొద్దికొద్దిగా కారుతున్నాయి. పుష్పవతి దగ్గరికి వెళ్లి గోడకు ముక్కు ఆనించింది. దారిన పోయేవాళ్లు చూస్తున్నారని కూడా అనుకోలేదు. ఆ వెంటనే పెద్ద తుమ్ము వచ్చింది. తనలో తనే నవ్వుకుంది.

షట్టరు గురించి గణేశ్వరరావు మళ్లీ అడిగాడు. "ఒద్దు బాబూ. ఫ్యాన్సీ సామాన్లు అమ్మడం నావల్ల కాదు," అంది.

తర్వాత రోజులు కష్టంగానే గడిచాయి. పొద్దున్నే మెలకువ వచ్చేసేది. వెళ్లడానికి చోటు లేదు. సత్యలక్ష్మి మెడికల్ షాపులో కూర్చోమంది. రెండు రోజులు కూర్చుంది. అక్కడ దేనికీ వాసన లేదు, ఉన్న వాసన అంతా ఒకటే. మూడోరోజు ఇంట్లోనే ఉండిపోయింది. మణి అప్పుడప్పుడు ఫోను చేసేది. మిల్లు బాగానే ఆడుతోందని, పక్క ఊళ్లవాళ్లు కూడా వస్తున్నారని చెప్పేది. ఒకసారి బెల్టు తెగితే తనే అతికించుకున్నానంది. ఆ మాట విని పుష్పవతి సంతోషించింది. తన అవసరం తీరిపోయిందని ఫోను పెట్టేశాక కొంచెం దిగులుపడింది కూడా.

వానలు కాస్త తెరిపిచ్చిన ఒక ఉదయం, కూతురితో ఒక్క మాట చెప్పి, బస్సెక్కింది. ఘాటు మీద కిటికీ మూయనివ్వలేదు. పెద్ద రోడ్డు దగ్గర దిగి, ఆటో మారి, గెడ్డదాకా వెళ్లి, అక్కణ్నుంచి నెమ్మదిగా నడిచింది.

జోగులమ్మ ఇంటిముందు అరుగు మీద కూర్చుని పనసకాయ కోస్తోంది. పుష్పవతిని చూసి కత్తి పక్కన పెట్టి గాభరాగా లేచింది.

"ఏటమ్మా ఇలగొచ్చేవు? కబురైనా ఎట్టలేదు. మిల్లుకేటైనా సెయ్యాలా?"

"మిల్లుకేటీ ఒద్దు."

"మరేటి పని మీదొచ్చేవు?"

"పనేటీ లేదే. ఊరికే వొచ్చేను."

జోగులమ్మ ఒక క్షణం ఆమె ముఖంలోకి చూసి, నవ్వి, అరుగు మీద చాప జరిపింది. లోపల్నుంచి నూనె గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. పుష్పవతి చెప్పులు విడిచి, మోకాళ్లు పట్టుకుంటూ కూర్చుని, చేతులకు నూనె రాసుకుని పనసతొనలు వలవడం మొదలుపెట్టింది.